కొండ దిగిన సైకిళ్లు

నాకింకా ముప్ఫై నిండలేదు. అయినా ఒక ఉద్యోగం నుంచి పూర్తిగా విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మా మేనమామ దీన్ని ఉద్యోగం ఊడటం అంటాడు. ఆయన రైల్వేలో చేసి, మెడలో దండతో, భుజాన శాలువాతో ఇంటికొచ్చిన మనిషి కాబట్టి నా విశ్రాంతిని విశ్రాంతి కింద జమకట్టడు. నాకెవరూ శాలువా కప్పని మాట నిజమే. కంపెనీవాళ్లు వెనక్కి తీసుకోవడం మరిచిపోయిన హెల్మెట్ ఒకటి మాత్రం మిగిలింది. దాన్ని గోడకు తగిలించుకున్నాను. శాలువా కంటే గట్టిది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పెద్దవాళ్లు ఇలాంటి వ్యాసాల్లో తాము కట్టిన ఆనకట్టల గురించీ పట్టుకున్న దొంగల గురించీ చెబుతారు. నేను చెప్పబోయేది ఎవరూ ఎక్కని సైకిళ్ల గురించి. ఆశలు కొంచెం తగ్గించుకుని చదవండి.

నేను పనిచేసింది జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ చుట్టుపక్కల అద్దె సైకిళ్లు నడిపే ఒక కంపెనీలో. రోడ్డు పక్కన స్టాండు ఉంటుంది. ఫోనుతో సైకిల్ మీది గుర్తును స్కాన్ చేస్తే తాళం టక్కుమని ఊడుతుంది. కావలసిన చోటికి తొక్కుకెళ్లి మా స్టాండుల్లో ఏదో ఒకదాంట్లో పెట్టెయ్యాలి. వినడానికి బావుంటుంది. చిలకాకుపచ్చ రంగు సైకిళ్లు, చూడటానికీ బావుండేవి. సినిమాల్లో కామెడీ రాద్దామని గోదావరి ఒడ్డు నుంచి వచ్చి, యూసుఫ్‌గూడలో గది తీసుకుని, కథ వినేవాళ్లు దొరక్క ఖాళీగా ఉన్న నాకు ఈ ఉద్యోగం దొరికింది. కామెడీ రాయడం కుదరలేదు గానీ అందులో జీతానికి పనిచేసే వీలు కలిగింది.

ఆ సర్వీసును ఎవరో మ్యాపు ముందు పెట్టుకుని గీశారు. మ్యాపులో ఎత్తుపల్లాలు కనపడవు. ప్రాంతం పేరులోనే హిల్స్ అని ఉంది కదా అంటారేమో. నగర్ అన్నచోటల్లా నగరం ఉంటుందా, ఇదీ అంతే అనుకుని ఉంటారు. తీరా మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, జనం మా సైకిళ్ల మీద కొండ దిగుతారు గానీ ఎక్కరు. జూబ్లీహిల్స్‌లో ఎక్కినవాడు యూసుఫ్‌గూడ దాకా కాలు కదపకుండా గాలికి జుట్టు ఎగరేసుకుంటూ వెళ్లిపోతాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటో. అవతలివైపు దిగినవాళ్లు టోలిచౌకి దాకా వెళ్లి, బిర్యానీ తిని, సైకిల్‌ని ఆ హోటలు ముందే వదిలేసేవాళ్లు. టోలిచౌకిలో మాకు స్టాండు లేదు. సైకిళ్లు మాత్రం ఉండేవి.

వినియోగదారుడి కష్టం తెలుసుకోవాలన్న ఉత్సాహంతో చేరిన కొత్తలో నేనే ఒకసారి యూసుఫ్‌గూడ నుంచి ఫిల్మ్ నగర్‌కు తొక్కాను. తొక్కాను అనేది మర్యాద కోసం వాడిన మాట. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటాక సైకిల్‌ని చేత్తో పట్టుకుని, పెళ్లికూతుర్ని తోడ్కొని వచ్చినట్టు నడిపించుకుంటూ వెళ్లాను. పొద్దున్నే నడకకు వచ్చిన పెద్దమనిషి ఒకాయన తన కుక్కతో సహా నన్ను దాటిపోయాడు. కుక్క ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత వినియోగదారుడి కష్టం గురించి నేనెప్పుడూ మీటింగుల్లో మాట్లాడలేదు.

అలా కిందికి జారిన సైకిళ్లన్నిటినీ ఏరి, ట్రాలీలో వేసుకుని, మళ్లీ పొద్దున్నే కొండ మీదికి చేర్చడమే మా అసలు పని. ట్రాలీ నడిపేది రహమత్ నగర్‌లో ఉండే అన్న. పేరు చెప్పను, చెబితే ఇందులో తనను హీరోను చేయలేదేమని అడుగుతాడు. అన్న అంతకుముందు చాలా ఏళ్లు సినిమా కంపెనీల్లో ప్రొడక్షన్ బండి నడిపాడు. ఆ పనిలో ఎప్పుడు పిలుస్తారో, ఎప్పుడు వదులుతారో దేవుడికీ మేనేజరుకూ తప్ప తెలియదు. తినేది ఎప్పుడూ చల్లారిన పొట్లం భోజనమే. పెళ్లయినప్పటి నుంచి ఇంట్లో పొగలు కక్కే అన్నం తిన్నది పండగలకే అని చెప్పేవాడు. మా కంపెనీలో చేరాక చీకటి పడకముందే ఇంటికి వెళ్లడం మొదలైంది. వదిన కుక్కర్ దించే వేళకు అన్న కంచం ముందు కూర్చునేవాడు. కొన్నాళ్లపాటు వాళ్ల ఇద్దరమ్మాయిలకూ ఈయన ఎందుకు ఇంట్లో ఉన్నాడో అర్థం కాలేదట.

అందుకే ఆ ఉద్యోగానికి తనే ఒక పేరు పెట్టుకున్నాడు: వేడన్నం కొలువు.

జనం ఎక్కేటప్పుడు కూడా తొక్కితే బావుండునని నేనంటే అన్న నావైపు జాలిగా చూసేవాడు.

"వాళ్లే ఎక్కిస్తే నేనెందుకు తమ్మీ? వాళ్లు దించాలె, నేను ఎక్కియ్యాలె. గా గుట్ట ఉన్నన్ని రోజులే నా అన్నం ఉడుకుడుకుంటది."

ఇంత స్పష్టంగా వ్యాపారం అర్థమైన మనిషి మా ఆఫీసులో ఇంకొకరు లేరు అందామంటే అదీ కుదరదు. ఎందుకంటే ఫిల్మ్ నగర్ స్టాండు విషయంలో ఆయనకూ ఏమీ అర్థం కాలేదు.

ఫిల్మ్ నగర్ స్టాండు మా కంపెనీకి ముద్దుబిడ్డ. ఒక డబ్బింగ్ థియేటరుకూ ఒక ప్రొడక్షన్ ఆఫీసుకూ మధ్య, చెట్టు నీడలో, నలుగురూ తిరిగే చోట ఉంది. అక్కడి నుంచి ఎటు దిగినా పల్లమే. లెక్కప్రకారం సైకిళ్లు నిలవకూడదు. నిలిచాయి. ఒక్క సైకిల్ కూడా కదలదు. కాదు, ఒక్కటే కదులుతుంది. రోజూ ఒకే ఒక్కరు ఒక సైకిల్ తీసుకుని కిందికి వెళతారు. మిగతావి పొద్దున అన్న నిలబెట్టినవి నిలబెట్టినట్టే, ఒకే కోణంలో హ్యాండిల్ తిప్పుకుని, బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా ఉండేవి.

స్థలం నగరపాలక సంస్థవాళ్లది. ప్రయోగం కోసం ఇచ్చారు. జనం వాడటం లేదని వాళ్ల చెవిన పడగానే ఒక మేడమ్ స్వయంగా వచ్చి చూస్తారని కబురొచ్చింది. ఆమెకు నచ్చకపోతే ఫిల్మ్ నగర్ స్టాండు ఎత్తేస్తారు. అది ఎత్తేస్తే కొండ మీద మిగతా స్టాండులూ ఎత్తించేస్తారు. కొండ మీద ఏమీ లేనప్పుడు కొండెక్కే ట్రాలీ ఎందుకు, ట్రాలీ నడిపే అన్న ఎందుకు. నా సంగతి అడగకండి, నేను ఎందుకో అంతకుముందు నుంచీ ఎవరికీ తెలియదు.

అన్నా నేనూ కలిసి ఒక రోజంతా స్టాండుకు ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. మొదట ఇద్దరు కుర్రాళ్లు వచ్చి సైకిల్ మీద చెయ్యి వేశారు. వెంటనే ప్రొడక్షన్ ఆఫీసు గేటు దగ్గర్నుంచి వాచ్‌మన్ లేచి కర్ర ఊపాడు.

"జరుగుండ్రి, జరుగుండ్రి. షూటింగ్ ప్రాపర్టీ. ముట్టుకోవద్దు."

కుర్రాళ్లు క్షమించమన్నట్టు చేతులు వెనక్కి పెట్టుకుని, హీరో ఎవరని అడిగి, ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత వచ్చిన కుటుంబానికి వాచ్‌మన్ అక్కర్లేకపోయింది. ఊరు చూడటానికి వచ్చినవాళ్లు, వాళ్లంతట వాళ్లే సైకిళ్లకు నాలుగడుగుల దూరంలో ఆగి, కెమెరా ఎక్కడుందో అని చెట్ల వైపు చూశారు. మనదేశంలో అందరి వస్తువును ఇంత గౌరవంగా చూడటం నేను అదే మొదటిసారి చూశాను. అందరిదీ కాదనుకున్నారు కాబట్టి.

అన్న రోడ్డు దాటి వెళ్లి వాచ్‌మన్‌ను కాకా అని పలకరించి, ఇవి సెట్టులో పెట్టే ప్రాపర్టీ కాదు, అందరూ ఎక్కేవని చెప్పాడు. పెద్దాయన నమ్మలేదు. ఆయన వయసులో ఉన్నప్పుడు సెట్లకు కాపలా కాశాడు. ఎవరో లైట్‌మన్ షాట్‌కూ షాట్‌కూ మధ్య కుర్చీ జరిపి కూర్చుంటే, ఆ కుర్చీ కోసం ఈయన కొలువు పోయిందట. అప్పటి నుంచి కదలని వస్తువేది కనిపించినా కదలనివ్వడు.

"నన్నే పిచ్చోణ్ణి జేస్తవా బిడ్డా? కొత్త రంగు, జర్రంత దుమ్ము లేదు. పొద్దుగాల నువ్వే బండిల తెస్తవు, లైన్‌ల పెడతవు, ఒకటి వంకరైతే మల్ల సక్కగ జేస్తవు. ఎవ్వడూ ఎక్కడు. గిది సెట్ గాకపోతే ఏంది?"

ఆయన చెప్పినదాంట్లో తప్పెక్కడుందో ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను. మరి రోజూ ఒకామె తీసుకెళుతుంది కదా అని నేనడిగితే పెద్దాయన నవ్వాడు. ఆమె ఆర్టిస్టు, యూనిట్ మనిషి, ఆమెను ఎట్లా ఆపుతానన్నాడు.

ఆమె ఆ స్టాండులో మా ఏకైక వినియోగదారు. డబ్బింగ్ ఆర్టిస్టు. సినిమాల్లో, సీరియళ్లలో అమ్మలకూ అత్తలకూ గొంతిచ్చే పెద్దావిడ. రాష్ట్రంలో ఆమె ముఖం ఎవరికీ తెలియదు, ఆమె ఏడుపు తెలియని ఇల్లు లేదు. ఉదయం స్టాండు పక్కనున్న థియేటర్లో ఒక అత్తగారిగా ఏడ్చి, కళ్లజోడు తుడుచుకుని, మా సైకిలెక్కి కృష్ణానగర్ దగ్గర ఇంకో థియేటర్లో ఇంకో అత్తగారిగా ఏడవడానికి దిగేది. బయట మాత్రం ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు. గొంతు అరిగిపోతుందని.

విషయం విన్న మా మేనేజరు వెంటనే బోర్డు చేయించాడు. మనిషంత ఎత్తు అక్షరాలతో 'ఇది నిజమైన సైకిల్ స్టాండు' అని. ఫిల్మ్ నగర్‌లో ఇంతకంటే అనుమానాస్పదమైన మాట ఇంకొకటి లేదు. నిజం పోలీసు స్టేషన్ మీద నిజమైన పోలీసు స్టేషన్ అని రాసి ఉండదు కదా. బోర్డు పెట్టినప్పటి నుంచి ఫొటోలు దిగేవాళ్లు పెరిగారు. వాచ్‌మన్ ఇంకా దగ్గరికి జరిగి కూర్చున్నాడు. ఆర్ట్ డిపార్ట్‌మెంటు పని బాగా చేసిందని అన్నను మెచ్చుకున్నాడు కూడా.

మేడమ్ వచ్చే రోజు దగ్గరపడింది. మేనేజరు మమ్మల్ని కూర్చోబెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, చాలాసేపు పైకప్పు చూశాడు. పైకప్పు చూసే మేనేజరుతో జాగ్రత్తగా ఉండాలి.

"లుక్, మనకి ఆ వన్ అవర్ యూసేజ్ కనిపిస్తే చాలు. యూజర్స్ లేకపోతే యూజర్స్‌ని అరేంజ్ చేద్దాం. మనం ఉన్నది ఫిల్మ్ నగర్‌లోనండీ."

ఇంకో ఊళ్లో అయితే ఇలాంటి ఆలోచన మనిషికి రాదు. వచ్చినా అమలు చేసే సౌకర్యం ఉండదు. ఇక్కడ ఒక్క ఫోను కొడితే జనం దొరుకుతారు. జూనియర్ ఆర్టిస్టులను పంపే ఏజెంటు, మాస్ జనమా, రిచ్ జనమా, పెళ్లి జనమా అని అడిగాడు. మామూలు జనం అన్నాడు మేనేజరు. ఏజెంటు లిస్టు తిరగేసి, అలాంటివాళ్లు తన దగ్గర లేరన్నాడు. చివరికి 'సిటీ పబ్లిక్' అనే రకానికి ఒప్పందం కుదిరింది. ఎవరు ఎటు నుంచి వచ్చి ఎటు వెళ్లాలో రాసే పని నాకు అప్పగించారు. కామెడీ రాయడానికి ఊరొదిలి వచ్చినవాడి మొదటి స్క్రీన్‌ప్లే అదే. కథ అడగకండి. సైకిల్ ఎక్కుతారు, వెళతారు. మధ్యలో ఎవరూ చనిపోరు.

అన్నకు ఈ ఏర్పాటు నచ్చలేదు. నీతి గురించి కాదు. సినిమావాళ్లు చెయ్యి పెట్టిన పనేదీ టయానికి అవ్వదని ఆయన భయం. ఇంటికి వెళ్లి వదినకు కూడా చెప్పలేదట. చెబితే ఆ పూట అన్నం గొంతు దిగదని.

ఆ రోజు వచ్చింది. సిటీ పబ్లిక్ కూడా వచ్చింది. నల్లకోటు వేసుకున్న లాయరు, పుస్తకాలు గుండెలకు హత్తుకున్న కాలేజీ అమ్మాయి, విభూతి రేఖలతో పూజారి, తెల్లచీర నర్సు, సూటుకేసు పట్టుకున్న ఆఫీసరు. తెలుగు సినిమాలో బస్టాండు అంటే ఎవరెవరు ఉంటారో వాళ్లందరూ ఉన్నారు. నర్సుకు సైకిల్ రాదు. చేత్తో తోసుకుంటూ నడుస్తుంది లెమ్మని ఏజెంటు సర్దిచెప్పాడు. పూజారికి వచ్చు గానీ పంచెతో ఎక్కడం అలవాటు లేదు. అందరూ సమయానికే వచ్చారని అన్నకు చూపించాను. ఇంకా ప్యాకప్ అవ్వలేదు కదా అన్నాడు.

మేడమ్ కారు దిగారు. మా మేనేజరు నావైపు చూశాడు, నేను ఏజెంటు వైపు, ఏజెంటు గాల్లోకి చెయ్యి ఊపాడు. లాయరు హుందాగా వచ్చి, ఫోను తీసి, స్కాన్ చేసి, సైకిలెక్కి మలుపు తిరిగాడు. తర్వాత కాలేజీ అమ్మాయి. తర్వాత పూజారి. మేడమ్ ముఖంలో చిన్న ఆశ్చర్యం కనిపించింది. పాస్ అయిపోతున్నాం అనుకున్నాను.

మాకు తట్టని సంగతి ఒకటుంది. షూటింగులో వెనకాల నడిచే జనానికి ఒక అలవాటు ఉంటుంది, దాన్ని పాసింగ్ అంటారు. కెమెరా ముందు నుంచి ఒకసారి దాటిపోయినవాళ్లు, ఫ్రేము బయటికి వెళ్లగానే గబగబా చుట్టూ తిరిగి వచ్చి, మొదట నిలబడ్డ చోటికే చేరి మళ్లీ దాటాలి. లేకపోతే రోడ్డు ఖాళీగా కనిపిస్తుంది. ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అన్నం తినేటప్పుడు నోరు ఎక్కడుందో వెతుక్కోనట్టే వాళ్లకు అది వచ్చేస్తుంది. వెళ్లిపోవాలి, తిరిగి రాకూడదు అని నా స్క్రీన్‌ప్లేలో నేను రాయలేదు. వెళ్లినవాడు వెళతాడు కదా అనుకున్నాను. గోదావరి జిల్లా బుర్ర.

లాయరు ఎడమ మలుపులో మాయమై, వెనక సందులోంచి వచ్చి, సైకిల్ స్టాండులో పెట్టి, మళ్లీ హుందాగా వచ్చి, ఫోను తీసి, స్కాన్ చేసి, ఎక్కి వెళ్లాడు. కాలేజీ అమ్మాయి కూడా. పూజారి రెండోసారి వచ్చేటప్పటికి పంచె సర్దుకోవడం నేర్చుకున్నాడు. నర్సు మాత్రం మొదటి పాసింగే ఇంకా పూర్తి చేయలేదు. ఏజెంటుకు ఎంతో గర్వంగా ఉంది. మేనేజరు మొహం నేను చూడలేదు. లాయరు మూడోసారి ఎదురైనప్పుడు మేడమ్ ఆయనకు నమస్కారం పెట్టారు. అప్పటికి పరిచయస్తుడయ్యాడు కదా.

అప్పుడే థియేటరు తలుపు తెరుచుకుని మా ఏకైక వినియోగదారు బయటికొచ్చింది. ఉదయం ఏడుపు అయిపోయింది, ఇంకో ఏడుపుకు వెళ్లాలి. నేరుగా స్టాండు వైపు నడిచింది. ఏజెంటు పరిగెత్తి అడ్డం నిలబడ్డాడు. ఫ్రేములోకి రావద్దు, పక్కకు వెళ్లండన్నాడు. కెమెరా లేని ఫ్రేము ఏదో ఆయనకే తెలియాలి. వాచ్‌మన్ కూడా కర్ర పట్టుకుని వచ్చాడు. ఆమె ఎప్పుడూ వచ్చే యూనిట్ మనిషే అయినా, ఏజెంటు ఆపాడంటే షాట్ జరుగుతోందని ఆయన లెక్క.

ఆమె ఇద్దరినీ చూసి, అలవాటు లేకపోయినా నోరు తెరిచింది.

"నేను పనికి వెళ్లాలి బాబూ. మీవాళ్లు చేసేది నటన, నేను చేసేది ప్రయాణం. కాస్త జరగండి."

మెల్లగానే అంది. కానీ ఆ గొంతు మెల్లగా ఉండే గొంతు కాదు. మేడమ్ గిరుక్కున తిరిగారు. వాళ్ల ఇంట్లో రోజూ సాయంత్రం టీవీలోంచి వినపడే అత్తగారు రోడ్డు మీద నిలబడి మాట్లాడుతుంటే ఎవరు మాత్రం తిరగరు. మేడమ్ ఆమె దగ్గరికి వెళ్లి, రోజూ ఈ సైకిల్ వాడతారా అని అడిగారు.

"రోజూ వాడతానమ్మా. వెళ్లేటప్పుడు ఇదే. వచ్చేటప్పుడు ఆటో. ఈ స్టాండు లేకపోతే నాకు కష్టం."

మా సర్వీసు చరిత్రలో ఒక వినియోగదారు మనస్ఫూర్తిగా చెప్పిన మంచిమాట అదొక్కటే. ఆమె ఆ మాట చెప్పి, స్కాన్ చేసి, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, ఎంతో నేర్పుగా కొండ దిగిపోయింది. ఆమె తిరిగి రాలేదు. ఆ ఉదయం అక్కడి నుంచి బయల్దేరి తిరిగి రాని మనిషి ఆమె ఒక్కతే.

మేడమ్ మేనేజరు దగ్గరికి వచ్చారు.

"మిగతావాళ్ల సంగతెలా ఉన్నా, ఆవిడను మాత్రం బాగా సెలెక్ట్ చేశారండీ. చాలా నేచురల్‌గా చేసింది."

మేనేజరు జీవితమంతా పై అధికారులు మెచ్చుకుంటే అనవలసిన మాట ఒకటే నేర్చుకున్నాడు. థాంక్యూ మేడమ్ అన్నాడు.

కారు వెళ్లిపోయింది. ఏజెంటు ప్యాకప్ అన్నాడు. అన్నాక, డ్రాప్ బండి ఏదని అడిగాడు. జూనియర్ ఆర్టిస్టులను తీసుకొచ్చినవాళ్లే మళ్లీ దింపాలి, అది పరిశ్రమ రివాజు. మేము బండి మాట మరిచిపోయాం. అన్న ట్రాలీలో మనుషుల్ని ఎక్కించకూడదు. అన్న నావైపు చూసి, నేను చెప్పలేదా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. చివరికి లాయరే ముందుకొచ్చాడు. ఈ సైకిళ్లు నిజంగా కృష్ణానగర్ దాకా వెళతాయా అని అడిగాడు. వెళతాయన్నాను. అక్కడ వదిలేయొచ్చా. వదిలేయొచ్చు. ఎవరూ తిట్టరా. ఎవరూ తిట్టరు. మరి ముందే చెప్పొచ్చుగా, బండి పెట్టని రోజుల్లో ప్యాకప్ అయ్యాక నడిచి దిగుతున్నాం కదా అన్నాడు.

అందరూ ఎక్కారు. నర్సు పూజారి వెనకాల క్యారియర్ మీద కూర్చుంది. మా నిబంధనలకు విరుద్ధం, కానీ చెప్పే ఓపిక నాకు లేదు. గంటలు మోగించుకుంటూ, గట్టిగా నవ్వుకుంటూ కొండ దిగారు. ఫిల్మ్ నగర్ స్టాండు మొదటిసారి ఖాళీ అయింది. మా సర్వీసు ఎలా ఉండాలని కాగితం మీద గీశారో అచ్చం అలా ఉంది. ఆ దృశ్యం చూడటానికి నేనూ, అన్నా, మేనేజరూ, వాచ్‌మనూ ఉన్నాం.

ఇంకొకరు కూడా చూశారు. చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్‌లో మేడమ్ కారు ఆగి ఉంది. కారు అద్దం పక్కనుంచి లాయరు దాటాడు, కాలేజీ అమ్మాయి దాటింది, పూజారీ నర్సూ దాటారు. మేనేజరు ఫోను మోగింది. స్పీకర్లో పెట్టాడు.

"ఇంకా ఎంత దూరం చేయిస్తారండీ? నేను చూశాను, చాలు. పాపం, వాళ్లను ఇంటికి పంపించేయండి."

వాళ్లు వెళుతున్నది ఇంటికే. ఆ మాట చెప్పమని నేను సైగ చేశాను. మేనేజరు చెప్పాడు కూడా. అవతల నుంచి చిన్న నవ్వు వినిపించి ఫోను పెట్టేశారు.

అన్న ట్రాలీకి ఆనుకుని నిలబడి అంతా విన్నాడు. "ఇగ నా అన్నం సల్లగైనట్టే గదా తమ్మీ" అన్నాడు. నేను టీ చెప్పాను, ఇద్దరం తాగాం.

స్టాండు ఎత్తేశారు. కంపెనీ బుద్ధి తెచ్చుకుని ఒక చెరువు పక్కన చదునైన పార్కులోకి మారింది. అక్కడ జనం కారులో వచ్చి, సైకిలెక్కి, చెరువు చుట్టూ తిరిగి, మళ్లీ ఎక్కిన చోటే దిగి, కారులో వెళ్లిపోతారు. అంటే మా లాయరు చేసిన పనే. అక్కడ దాన్ని విజయం అంటారు. సైకిళ్లు వాటంతట అవే స్టాండుకు వస్తాయి కాబట్టి ట్రాలీ అక్కర్లేదు, అన్న అక్కర్లేదు, నేను అక్కర్లేదు. పార్కుకు నీలం రంగు కొత్త సైకిళ్లు కొన్నారు. చిలకాకుపచ్చవి యూసుఫ్‌గూడ గోడౌనులో పడేశారు.

అన్న మళ్లీ ప్రొడక్షన్ బండి కోసం పాత మేనేజర్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. వదిన పొట్లం భోజనానికి బదులు పాత టిఫిన్ డబ్బా తోమి పెట్టిందట. ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన నవ్వాడు గానీ నేను నవ్వలేదు.

ఇంతలో డబ్బింగ్ అమ్మ నుంచి ఫోను వచ్చింది. స్టాండు ఎందుకు ఎత్తేశారని అడగడానికి. మీరు నటించారని అనుకున్నారమ్మా అని చెప్పాను. ఇన్నేళ్లలో నా నటనను మెచ్చుకున్నవాళ్లు లేరు, మెచ్చుకున్న ఒక్కసారీ నేను నటించలేదు అందామె. తర్వాత, పచ్చ సైకిళ్లు ఏంచేశారు, ట్రాలీ అబ్బాయి ఏంచేస్తున్నాడు అని అడిగింది. ఆమె గొంతిచ్చే సీరియల్లో కథానాయిక పార్కు ముందు సైకిల్ స్టాండు దగ్గర ఎదురుచూసే ఘట్టం మొదలవుతోందట. ప్రాపర్టీవాళ్లు సైకిళ్ల కోసం తిరుగుతున్నారట.

కొన్ని వారాల తర్వాత నేను అటువైపు వెళ్లాను. ఫిల్మ్ నగర్ పైన ఒక ఖాళీ స్థలంలో పార్కు సెట్టు. మా చిలకాకుపచ్చ సైకిళ్లన్నీ వరసగా, ఒకే కోణంలో హ్యాండిల్ తిప్పుకుని నిలబడి ఉన్నాయి. వెనక మా బోర్డు, 'ఇది నిజమైన సైకిల్ స్టాండు'లో 'ఇది నిజమైన' అన్నదాని మీద రంగు కొట్టి. కథానాయిక ఒక సైకిల్ మీద చెయ్యి వేసి ఏడుస్తోంది. అన్న ట్రాలీ నీడలో కూర్చుని ఉన్నాడు. పొద్దున గోడౌను నుంచి సైకిళ్లు కొండెక్కించడం, వెలుతురు పోగానే దించడం. వెలుతురు లేకపోతే పార్కు సీను తీయరు కాబట్టి చీకటి పడేసరికి ఇంట్లో ఉంటున్నాడు. టిఫిన్ డబ్బా మళ్లీ అటక ఎక్కింది.

కాపలాకు మా పాత వాచ్‌మనే వచ్చాడు. నన్ను చూడగానే గుర్తుపట్టి, కర్ర చంకలో పెట్టుకుని, విజయగర్వం ఏమీ లేకుండా, ఉన్న మాట చెప్పినట్టు చెప్పాడు.

"నేను జెప్పలే సార్, ప్రాపర్టీ అని?"

అన్న నాకు టీ తెప్పించాడు. ఎవరైనా ఎక్కుతున్నారా అని అడిగాను.

"అప్పుడూ ఎవ్వరూ ఎక్కలే, ఇప్పుడూ ఎవ్వరూ ఎక్కరు. అప్పుడు లాస్ అన్నరు, ఇప్పుడు షాట్ అంటున్నరు."

సీరియల్ ఆగిపోతే ఏం చేస్తావన్నా అని అడిగితే, నేనింకా ఈ ఊరికి కొత్తవాణ్ణే అన్నట్టు చూశాడు.

"సైకిల్ ఆగుతది తమ్మీ. సీరియల్ ఏడ ఆగుతది?"

అని వాచీ చూసుకుని, లేచి, వెలుతురు ఇంకెంతసేపు ఉంటుందో అని ఆకాశం వైపు చూశాడు. ఇంట్లో కుక్కర్ పెట్టే వేళవుతోంది.